సెకండ్ హ్యాండ్ అబార్త్ పుంటో: క్లచ్ అరిగిందో లేదో టెస్ట్ డ్రైవ్‌లోనే పట్టుకోవడం ఎలా?

కోనసీమ_టర్బో
భీమవరం దగ్గర ఒక అబార్త్ పుంటో (ఫియట్ పుంటోకి స్పోర్ట్స్ వెర్షన్) అమ్మకానికి ఉంది. 2016 మోడల్, రెండో ఓనరు, మీటరు మీద 58 వేల కిలోమీటర్లు. 1.4 టీ-జెట్ టర్బో పెట్రోల్, 145 హార్స్‌పవర్, 5 స్పీడ్ మాన్యువల్. 2015లో ఈ బండి మన దగ్గర దిగినప్పటి నుంచీ నా కన్ను దీని మీదే. బాడీ, టైర్లు, సస్పెన్షన్ నేనే చూసుకోగలను. క్లచ్ దగ్గరే టెన్షన్. ఫియట్ ఇక్కడ అమ్మకాలు ఆపేసి ఏళ్లయింది, సామాను కోసం తిరగాల్సి వస్తుందని అందరూ భయపెడుతున్నారు. గేర్‌బాక్స్ దించితే గానీ అరిగే క్లచ్ ప్లేటు కనపడదు. దించకుండా ఎంతవరకు తేల్చుకోవచ్చు?
ఓనరు మాత్రం "క్లచ్ వెన్నలా ఉందండి" అంటున్నాడు. నేనూ తొక్కి చూశా, మెత్తగానే ఉంది. పెడల్ బాగా కింద ఉండగానే బండి కదులుతోంది. అంటే బాగున్నట్టేనా?

తణుకు_తమ్ముడు
కింద అందుకుంటే కొత్త క్లచ్, పైన అందుకుంటే అరిగిన క్లచ్. మా ఊళ్లో అందరూ ఇలాగే చూస్తారు. కొనెయ్ అన్నా.

పాలకొల్లు_షెడ్డు
కొనెయ్ అనకండి అప్పుడే. తమ్ముడు చెప్పిన లెక్క కేబుల్ క్లచ్‌ది. పాత కేబుల్ బళ్లలో ప్లేటు అరిగేకొద్దీ పెడల్ ఖాళీ కదలిక (ఫ్రీ ప్లే) తగ్గిపోయి, పెడల్ దాదాపు పూర్తిగా పైకొచ్చాక గానీ బండి కదిలేది కాదు. అందులోనూ అమ్మే ముందు కేబుల్ నట్టు నాలుగు చుట్లు తిప్పితే క్లచ్ అందుకునే పాయింటు కిందికి దిగిపోయేది. కొన్నవాడికి ఆ వారమంతా సంబరమే.
హైడ్రాలిక్‌లో, అంటే ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసే క్లచ్‌లో, ఆ లెక్క పనికిరాదు. ప్లేటు ఎంత అరిగితే గేర్‌బాక్స్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ పిస్టన్ అంత సర్దుకుంటుంది. కాబట్టి ప్లేటు సగం అయిపోయినా పెడల్ దగ్గర పెద్ద తేడా తెలీదు. టర్బో గారూ, మరీ నేలకి దగ్గరగా అందుకుంటోందంటే నాకు ప్లేటు కంటే ముందు లైనులో గాలి మీద, సిలిండర్ల లీకు మీద అనుమానం వస్తుంది. బండి ఆపి ఉన్నప్పుడు పెడల్‌ని గబగబా నాలుగైదు సార్లు పంపు కొట్టినట్టు తొక్కండి. వెంటనే మళ్లీ చూస్తే పాయింటు పైకొచ్చిందా? వస్తే గాలి చేరిందన్నమాట.

కోనసీమ_టర్బో
అయ్యబాబోయ్, ఇది తెలీదు. రేపు వెళ్తా.

టర్బో_తాత
ఇంత కథ ఎందుకయ్యా. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగు. మూడో గేరు వెయ్యి. కాస్త రేసు ఇచ్చి క్లచ్ వదులు. ఇంజిన్ టక్కున ఆగిపోతే క్లచ్ మంచిది, ఆగకుండా తిరుగుతూనే ఉంటే పోయింది. రాజమండ్రిలో మేం అంబాసిడర్ల కాలం నుంచీ ఇలాగే బళ్లు కొన్నాం.

పాలకొల్లు_షెడ్డు
తాతగారూ, ఆ పరీక్ష నేనూ చేస్తాను, ఒకే ఒక్కసారి. కానీ అది చచ్చిపోయిన క్లచ్‌ని పట్టిస్తుంది గానీ చావబోయేదాన్ని పట్టించదు. టర్బో బండిలో 1,500 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) ఇంకా పూర్తిగా రాదు. ఇంజిన్ పూర్తి బలం చూపించకుండానే ఆగిపోతుంది. ఆ కాస్త బలాన్ని అరిగిన ప్లేటు కూడా ఆపగలదు. అబార్త్ 212 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది 2,000 దాటాక. ప్లేటు జారేది అక్కడ.
ఇంకోటి, ఇప్పటి ఇంజిన్లలో ఆగిపోబోతుంటే కంప్యూటరే కాస్త రేసు పెంచి నిలబెడుతుంది. దాంతో మంచి క్లచ్ ఉన్నా ఇంజిన్ ఆగడానికి ఆలస్యం కావచ్చు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న చాలా కార్లలో అయితే క్లచ్ వదలగానే బ్రేకు దానంతట అదే విడిపోయి బండి ముందున్న గోడకి వెళ్లి తగలొచ్చు.

టర్బో_తాత
గోడ మాట నిజమే, ఒప్పుకుంటా. కానీ ఒక్కసారి చెయ్యడంలో తప్పులేదని నువ్వూ అంటున్నావుగా.

పాలకొల్లు_షెడ్డు
ఆయ్, ఒక్కసారే. కొనడానికి వచ్చిన పదిమందీ తలా నాలుగుసార్లు చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

రావులపాలెం_రైడర్
అసలు పరీక్ష హైవే మీద. రావులపాలెం నుంచి సిద్ధాంతం వైపు 16వ నంబరు హైవే ఎక్కు, ఖాళీ చూసుకో. నాలుగో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పోతూ యాక్సిలరేటర్ నేల దాకా తొక్కు. స్పీడు ముల్లూ ఆర్‌పీఎం ముల్లూ కలిసే ఎక్కాలి. ఆర్‌పీఎం ముల్లు ముందుకు దూకేసి స్పీడు వెనకబడితే ప్లేటు జారుతున్నట్టే. తర్వాత అయిదో గేరులో కూడా ఇలాగే చెయ్యి. పెద్ద గేరులో క్లచ్ మీద లోడు ఎక్కువసేపు ఉంటుంది, దాచుకోలేదు.
మొదటి గేరులో సర్రున లాగించి "పికప్ అదిరింది" అనుకుని వచ్చేసేవాళ్లే ఎక్కువ. చిన్న గేరులో బండి తేలిగ్గా ముందుకు పోతుంది కాబట్టి జారడం బయటపడదు.

డీజిల్_పిచ్చోడు
రైడర్ చెప్పింది వంద శాతం. ఒక మాట కలుపుతా: బండి బాగా వేడెక్కాక చెయ్యాలి. చల్లగా ఉన్నప్పుడు పట్టు ఉండి, అరగంట ట్రాఫిక్‌లో నలిగాక జారేవి చాలా ఉంటాయి. అమ్మేవాళ్లు పది నిమిషాల రౌండు వేయించి తాళాలు తీసేసుకుంటారు. అరగంట అడగండి. ఇవ్వనంటే అదీ ఒక సమాధానమే.

కాజా_కాకినాడ
మన దగ్గర ఎత్తు అంటూ ఎక్కడుంది అరగంట లోడు ఇవ్వడానికి? భూమంతా బల్లపరుపే.

వశిష్ట_గట్టు
అదే అసలు సంగతి, మన డెల్టాలో అందరూ పొరబడేది ఇక్కడే. "మనది చదును నేల, కొండలు లేవు, క్లచ్ అరగదు" అంటారు. మా సఖినేటిపల్లి వైపు వచ్చి చూడండి. కాలవ గట్టు రోడ్డు మీద ఎదురుగా వరి కోత మిషనో, చేపల లోడు వ్యానో వస్తే పక్కకి దిగాలి. దిగిన చోటు నుంచి మళ్లీ గట్టెక్కాలి, అదీ ఒక చక్రం బురదలో ఉండగా. ఆ ఎక్కేదంతా హాఫ్ క్లచ్ మీదే. అక్కడ నుంచి వంతెన దగ్గర మలుపు, మళ్లీ ఆగడం, మళ్లీ లేపడం. నర్సాపురం రేవులో పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు చూడండి, రేవు ఏటవాలు మీద ముందున్న బండి కదిలేదాకా క్లచ్ మీద నిలబెట్టి ఉంచేవాళ్లే ఎక్కువ. హ్యాండ్ బ్రేకు లాగరు.
కాబట్టి మీటరు చూసి లెక్కేయకండి. 16వ నంబరు హైవే మీద విజయవాడకీ విశాఖకీ తిరిగిన లక్ష కిలోమీటర్ల బండి క్లచ్ కంటే, ఊరికీ చెరువు గట్టుకీ మధ్య తిరిగిన 40 వేల బండి క్లచ్ ఎక్కువ అరిగి ఉంటుంది. ఓనరు చేసే పని ఏంటో అడగండి. రోజూ ఎక్కడికి వెళ్తాడో అడగండి. నా దృష్టిలో సర్వీసు పుస్తకం కంటే అదే ముఖ్యం.

కోనసీమ_టర్బో
ఓనరుది చేపల చెరువుల వ్యాపారమే...

తణుకు_తమ్ముడు
అబార్త్ వేసుకుని చెరువు గట్టు మీదకి ఎవరు వెళ్తారండీ, కింద తగలదూ?

వశిష్ట_గట్టు
తమ్ముడూ, మా వైపు ఏ కారైనా చెరువు దాకా వెళ్తుంది. రొయ్యల పట్టుబడి రోజున కారు ఏదని ఎవరూ చూసుకోరు.

కాజా_కాకినాడ
నా మాట వినండి. కొన్నాక పూజకి అన్నవరం తీసుకెళ్లడం కాదు, కొనకముందే రత్నగిరి ఘాట్ రోడ్డు ఎక్కించండి. నలుగురు మనుషుల్ని ఎక్కించుకుని, మధ్యలో ఒకచోట ఆపి మళ్లీ లేపండి. వణుకుతూ కదిలితే, కాలిన వాసన వస్తే దండం పెట్టుకుని వెనక్కి ఇచ్చేయండి.

టర్బో_తాత
మారేడుమిల్లి ఘాట్ ఇంకా మంచిది. క్లచ్ పరీక్ష, బొంగులో చికెన్ రెండూ అయిపోతాయి.

కాజా_కాకినాడ
ఓనరు కూడా బొంగులో చికెన్‌కి వస్తానంటాడు తాతా, బేరం చెడుతుంది.

రివెట్
వణుకు గురించి ఒక మాట. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు బండి దడదడలాడితే అన్నిసార్లూ ప్లేటు అయిపోయిందని కాదు. ఇంజిన్ వెనక సీలు లీకై ప్లేటు మీద ఆయిల్ పడి ఉండొచ్చు, ప్లేటు ఒత్తుకునే ఇంజిన్ చక్రం, అంటే ఫ్లైవీల్ మీద వేడికి నల్లటి, నీలిరంగు మచ్చలు పడి ఉండొచ్చు, ఇంజిన్ మౌంట్లు పోయి ఉండొచ్చు. కారు ఎత్తించి ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకు దగ్గర తడి ఉందేమో చూడండి. అక్కడ ఆయిల్ కనపడితే క్లచ్ సెట్ ఒక్కటి మారిస్తే సరిపోదు, సీలు కూడా వేయించాలి.
శబ్దాలు ఇలా విడదీయండి. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి పెడల్ తొక్కితే కీచుమనీ, వదిలితే ఆగిపోతే రిలీజ్ బేరింగ్ (తొక్కినప్పుడు క్లచ్‌ని విడదీసేది). అదే వదిలినప్పుడు వచ్చి, తొక్కితే పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. రెండోది ఖరీదైన పని.

డీజిల్_పిచ్చోడు
మూడోది మర్చిపోయారు. ఐడిల్‌లో గలగలమని, ఇంజిన్ ఆపేటప్పుడు "టడక్" అని కొడితే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. నా పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌కి అదే వచ్చింది. లోపల స్ప్రింగులు పెట్టి రెండు ముక్కలుగా చేసిన ఫ్లైవీల్ అది, మామూలు దానిలా లేత్ మీద చెక్కించి మళ్లీ వేసేది కాదు. చాలా టర్బో డీజిళ్లలో ఇదే ఉంటుంది, కొన్ని టర్బో పెట్రోళ్లలోనూ. దాని రేటు ముందు క్లచ్ సెట్ రేటు చిన్నది. టర్బో గారూ, మీరు చూస్తున్న బండికి ఏది ఉందో చాసిస్ నంబరు ఇచ్చి పార్టుల షాపులో ముందే కనుక్కోండి.

యానాం_నాలుగు
బండి నంబరు ఏంటి? మా యానాం రిజిస్ట్రేషన్ పీవై 04 అయితే క్లచ్ ఒక్కటే కాదు, ఎన్ఓసీ, ఆంధ్రా రోడ్ ట్యాక్స్ కూడా లెక్కలో వేసుకోవాలి.

కోనసీమ_టర్బో
ఏపీ 37. పశ్చిమ గోదావరి బండే. ట్యాక్స్ గొడవ లేదు.

లంక_శీను
నాకు ఇంకో డౌటు. మా బంధువుల్లో ఒకాయన బండి ఉంది, అబ్బాయి అమెరికాలో ఉంటాడు. 18 వేలే తిరిగింది, షెడ్డులోనే ఉంటుంది. పండక్కి మాత్రమే తీస్తారు. అలాంటిది కళ్లు మూసుకుని కొనొచ్చు కదా?

పాలకొల్లు_షెడ్డు
కళ్లు తెరిచే కొనండి. మన తేమకి నెలల తరబడి కదలని బండిలో ప్లేటు తుప్పు పట్టిన ఫ్లైవీల్‌కి అతుక్కుపోతుంది. పెడల్ పూర్తిగా తొక్కినా విడిపోదు, గేరు పడదు. దాన్ని విడదీయడానికి బలవంతం చేస్తే లైనింగ్ పెచ్చులు ఊడొచ్చు. షెడ్డు ఎక్కడుందో కూడా చూడండి. 2022 జూలై వరదకి లంకల్లో నీళ్లు ఏ ఇంటి దాకా వచ్చాయో మీకు తెలుసు. క్లచ్ ఉండే గూడు, అంటే బెల్ హౌసింగ్‌లోకి బురద నీరు దూరిన బండికి రిలీజ్ బేరింగ్ తొందరగా పోతుంది. సీటు పట్టాల కింద, కార్పెట్ కింద ఒండ్రు మట్టి ఉందేమో గోరుతో గీకి చూడండి.
క్లచ్ పూర్తిగా విడిపోతోందా లేదా చూడటానికి చిన్న పని. ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పెడల్ నేల దాకా తొక్కి, మూడు నాలుగు క్షణాలు ఆగి రివర్స్ వెయ్యండి. గర్రుమంటే విడిపోవడం లేదు. ఇంజిన్ ఆపితే అన్ని గేర్లూ సాఫీగా పడి, ఆన్ చేస్తే అన్నీ గట్టిగా పడినా అదే రోగం. ఒక్క రెండో గేరో మూడో గేరో మాత్రమే గరగరలాడితే అది సింక్రో (గేర్ల వేగాలు కలిపే రింగు), క్లచ్ మీద వేయకండి.

రావులపాలెం_రైడర్
టర్బో, ఈసీయూ రీమ్యాప్ (బలం పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించారేమో అడిగావా? టీ-జెట్ బళ్లకి ఆ మోజు ఎక్కువ. రీమ్యాప్‌తో టార్క్ పెరుగుతుంది, క్లచ్ ప్లేటుని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు బిగింపు మాత్రం కంపెనీ ఇచ్చినంతే. పాతిక వేల కిలోమీటర్లకే జారడం మొదలవ్వొచ్చు. అమ్మే ముందు మామూలు మ్యాప్ తిరిగి ఎక్కించేస్తారు, అప్పుడు టార్క్ తగ్గి జారడం కనపడదు. కొన్నాక నువ్వు మళ్లీ రీమ్యాప్ చేయిస్తే వారంలో బయటపడుతుంది.

కాజా_కాకినాడ
గట్టి క్లచ్ వేయించి ఉంటే పెడల్ బరువుగా ఉంటుంది కదా? దాన్ని అరుగుదల అనుకుంటామేమో.

పాలకొల్లు_షెడ్డు
మంచి ప్రశ్న. మామూలు క్లచ్‌లో ప్లేటు అరిగేకొద్దీ డయాఫ్రమ్ స్ప్రింగు వాలు మారి పెడల్ బరువెక్కుతుంది. గట్టి ప్రెషర్ ప్లేటు వేసినా బరువే. తేడా బిల్లులో తెలుస్తుంది. ఏ షాపు, ఏ తేదీ, ఏ సెట్ అని బిల్లు చూపించమనండి. చూపించలేకపోతే అరిగిందనే అనుకుని బేరమాడండి. కొన్ని కొత్త బళ్లలో తనంతట తానే సర్దుకునే క్లచ్ ఉంటుంది, దాంట్లో చివరి దాకా పెడల్ మెత్తగానే ఉంటుంది. అందుకే పెడల్ మాట నమ్మను నేను, రోడ్డు మాటే నమ్ముతా.

రివెట్
పెడల్ రబ్బరు మాట మాత్రం నమ్మండి. 58 వేల బండికి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా అయిపోతే మీటరు తిప్పారేమో చూడండి. క్లచ్ రబ్బరు ఒక్కటే కొత్తగా మెరుస్తుంటే ఇంకా గట్టిగా అడగండి.

కోనసీమ_టర్బో
వెళ్లొచ్చాను. అందరి మాటా పాటించా.
ఉదయమే చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేయించా. ఐడిల్‌లో గలగల లేదు. పెడల్ తొక్కితే సన్నగా కీచుమంటోంది, వదిలితే ఆగిపోతోంది. పంపు కొట్టినట్టు తొక్కితే పాయింటు పైకొచ్చింది, షెడ్డు గారు చెప్పినట్టే. రివర్స్ మొదటిసారి గర్రుమంది, పంపు కొట్టాక శుభ్రంగా పడింది. రబ్బరు మామూలుగానే అరిగింది.
చించినాడ వంతెన దాకా వెళ్లి వచ్చాం. వెళ్లేటప్పుడు నాలుగో గేరులో తొక్కితే అద్భుతం, ఏ లోపమూ లేదు. వచ్చేటప్పుడు పాలకొల్లు, భీమవరం ట్రాఫిక్‌లో నలిగి బైటికొచ్చాక అయిదో గేరులో తొక్కా. ముల్లు 2,500 నుంచి ఒక్కసారిగా 3,300 దాటింది, స్పీడు అక్కడే ఉంది. కిటికీ దించితే కాలిన వాసన. ఓనరు "బయట ఎవరో చెత్త కాలుస్తున్నారండి" అన్నాడు.

తణుకు_తమ్ముడు
నేను కొనెయ్ అన్న పోస్టు తీసేస్తున్నా 🙏

టర్బో_తాత
ఉంచు తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది.

డీజిల్_పిచ్చోడు
అంటే చల్లగా ఉన్నప్పుడు పాసు, వేడెక్కాక ఫెయిలు. పది నిమిషాల రౌండుతో వచ్చేసి ఉంటే ఈపాటికి బయానా ఇచ్చేసేవాడివి.

పాలకొల్లు_షెడ్డు
ప్లేటు అయిపోయింది, రిలీజ్ బేరింగ్ చివరికొచ్చింది, లైనులో గాలి ఉంది. గాలి ఊరికే రాదు, ఎక్కడో లీకుంటుంది. చాలా యూరప్ బళ్లలో క్లచ్‌కీ బ్రేకుకీ ఒకటే ఫ్లూయిడ్ డబ్బా ఉంటుంది, అందులో లెవెల్ చూశారా? డ్రైవరు కాళ్ల దగ్గర పెడల్ పైన తడి ఉంటే మాస్టర్ సిలిండర్, కింద గేర్‌బాక్స్ దగ్గర తడి ఉంటే స్లేవ్.
అయినా బండి వదులుకోకండి. క్లచ్ అరిగే సామానే, దానికి బండిని తిట్టుకోవడం దేనికి? బాడీ, ఇంజిన్ మంచివైతే ఈ అరుగుదలే మీ బేరానికి బలం. ముందు సెట్ దొరుకుతుందో లేదో తేల్చుకోండి. చాసిస్ నంబరుతో షాపులో పేరు, ధర రాయించుకోండి: ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపి, స్లేవ్ సిలిండర్, ఫ్లైవీల్ చెక్కించే కూలీ, గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీ. ఆ కాగితం ఓనరు ముందు పెట్టండి. ప్లేటు ఒక్కటి మార్చి ఇస్తానంటే ఒప్పుకోవద్దు. పాత బేరింగ్ ఆర్నెల్లకి పోతే మళ్లీ గేర్‌బాక్స్ దించాల్సిందే, కూలీ రెండుసార్లు.

వశిష్ట_గట్టు
పనిని ఓనరు చేతికి వదలొద్దు. ధర తగ్గించుకుని నువ్వే చేయించుకో. లేదా గేర్‌బాక్స్ దించినప్పుడు నువ్వు పక్కనే ఉండు.

కోనసీమ_టర్బో
సెట్ హైదరాబాదులో దొరికింది. కాగితం పెట్టేసరికి ఓనరు పెద్దగా వాదించలేదు, మొత్తం ఖర్చు ధరలో తగ్గించాడు. షెడ్డులో పక్కనే కూర్చుని దగ్గరుండి చేయించుకున్నా. ప్లేటు లైనింగ్ రివెట్ తలకాయల దాకా వచ్చేసింది. ఫ్లైవీల్ మీద రివెట్ గారు చెప్పిన నీలి మచ్చలు ఉన్నాయి, పగుళ్లు లేవు. లేత్ మీద చెక్కించాం. వెనక సీలు పొడిగా ఉంది. లీకు స్లేవ్ సిలిండర్‌ది.
ఇప్పుడు పెడల్ మధ్యలో అందుకుంటోంది. రేపే హైవే ఎక్కి ఒకసారి గట్టిగా లాగించొచ్చా?

పాలకొల్లు_షెడ్డు
ఆగండి. కొత్త లైనింగ్ ఫ్లైవీల్‌కి సర్దుకోవాలి. మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు ఊళ్లో మామూలుగా ఆగుతూ లేస్తూ తిప్పండి, అమలాపురం సెంటర్లో ట్రాఫిక్ దానికి సరిగ్గా సరిపోతుంది. ఒకటో గేరులో సర్రున లేపడం, పెద్ద గేరులో పూర్తిగా తొక్కడం అప్పటిదాకా వద్దు. మొదటి వారం ఫ్లూయిడ్ డబ్బా చూస్తూ ఉండండి. లెవెల్ దిగితే నాకు చెప్పండి, లైను మళ్లీ బ్లీడ్ చేసి గాలి తీసేద్దాం.